సినీబెంచ్ పాస్, ప్రైమ్95 పాస్, ఖాళీగా ఉంటే మాత్రం రీస్టార్ట్: ఒక ఓవర్‌క్లాక్ కేసు మొత్తం

కంప్లైంట్ ఇలా వచ్చింది. "అన్నా, గేమ్ ఆడుతున్నంతసేపూ ఏం కాదు, గంటలు గంటలు ఆడినా బానే ఉంటుంది, గేమ్ క్లోజ్ చేసి బ్రౌజర్ తెరిచి ఏదో చదువుకుంటుంటే టక్కున స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అవుతుంది, బ్లూ స్క్రీన్ కూడా రాదు." తమ్ముడు తన మొదటి పీసీ తనే అసెంబుల్ చేసుకున్నాడు, ఓవర్‌క్లాకింగ్, అంటే చిప్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే పైకి నడపడం, అయితే ఇదే మొదటిసారి. నా దగ్గరకి వచ్చేసరికే విండోస్ ఫార్మాట్ కొట్టేశాడు, లాభం లేదు, ఇక పవర్ సప్లై మార్చేద్దామా అన్న దగ్గర ఉన్నాడు. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఏంటంటే, కొత్తగా ఓవర్‌క్లాక్ చేసేవాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. ఫుల్ లోడ్ టెస్ట్ పాసయింది కాబట్టి ప్రాసెసర్ స్టేబుల్ అని ఫిక్సయిపోయి, మిగతా పార్టుల మీద పడతారు.

సిస్టమ్ వివరాలు: రైజెన్ 5 5600ఎక్స్, బీ550 బోర్డు, 3600 స్పీడ్ డీడీఆర్4 ర్యామ్ 8 జీబీ స్టిక్స్ రెండు, సింగిల్ టవర్ ఎయిర్ కూలర్, 650 వాట్ పవర్ సప్లై. ఇందులో వంక పెట్టాల్సిన పార్టు ఏదీ లేదు.

నేను మెషీన్ ముట్టుకునే ముందు అడిగేది ఒక్కటే, బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగ్స్ స్క్రీన్) ఏమేం మార్చావు, ఒక్కటి కూడా వదలకుండా చెప్పు అని. ఎందుకంటే కొత్తవాళ్లు "పీబీఓ ఆన్ చేశా అంతే" అంటారు (ఏఎండీ చిప్ తన మామూలు పవర్ హద్దులు దాటి బూస్ట్ అవడానికి ఉన్న సెట్టింగ్ అది), ఆ "అంతే" వెనక ఇంకో నాలుగు మార్పులు ఉంటాయి. ఇక్కడా అదే. పీబీఓ ఆన్, పవర్ లిమిట్లు మదర్‌బోర్డ్‌కి వదిలేశాడు, మ్యాక్స్ బూస్ట్ ప్లస్ 200 మెగాహెర్ట్జ్, కర్వ్ ఆప్టిమైజర్ (ఏ స్పీడ్‌కి ఎంత వోల్టేజ్ అన్న గీతని కిందికి జరిపే సెట్టింగ్) అన్ని కోర్లకీ ఒకేలా మైనస్ 30, ర్యామ్ 3600 నుంచి 3800కి, దానికి జతగా ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (చిప్ లోపల కోర్లనీ మెమరీనీ కలిపే దారి) క్లాక్ 1900. ఇవన్నీ ఒకే సిట్టింగ్‌లో, ఒక వీడియో చూసి. సినీబెంచ్ ఆర్23 (సీపీయూ స్పీడ్ కొలిచే టెస్ట్) మల్టీకోర్ స్కోరు పదకొండు వేల చుట్టుపక్కల నుంచి దాదాపు పన్నెండు వేలకి వెళ్లింది, తర్వాత ప్రైమ్95 స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ, అంటే అన్ని కోర్ల మీదా ఫుల్ లోడ్ వేసే టెస్ట్, రాత్రంతా పెట్టాడు, ఒక్క ఎర్రర్ లేదు. టెంపరేచర్ 80ల్లోనే ఉంది. ఇంత చూశాక ఎవరైనా సీపీయూ బానే ఉంది అనే అనుకుంటారు, అతన్ని తప్పుపట్టడానికి ఏం లేదు.

లాగ్ ఏం చెప్పింది

రీస్టార్ట్ అయ్యే మెషీన్ అంటే నేను ముందు తెరిచేది ఈవెంట్ వ్యూయర్, అందులో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్. అక్కడ ప్రతి రీస్టార్ట్‌కీ కెర్నల్-పవర్ 41 అని ఒక క్రిటికల్ ఎంట్రీ ఉంది, తమ్ముడు పవర్ సప్లై మీద అనుమానపడింది కూడా దీన్ని చూసే, పేరులో పవర్ అని ఉంది కదా. కానీ అది చెప్పేది ఒక్కటే, విండోస్ పద్ధతిగా షట్‌డౌన్ అవకుండా ఆగిపోయింది అని. ప్లగ్ పీకినా 41 వస్తుంది, రీసెట్ బటన్ నొక్కినా వస్తుంది, సీపీయూ ఉన్నపళంగా చచ్చినా వస్తుంది. దాన్ని బట్టి ఏ పార్టూ కొనకూడదు.

చూడాల్సింది వియా-లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పుల్ని లాగ్‌లో రాసే విండోస్ భాగం) అనే సోర్స్ నుంచి వచ్చినవి. ఫిల్టర్ పెడితే రెండు రకాలు బయటపడ్డాయి. ఒకటి ఈవెంట్ 18, ఫేటల్ హార్డ్‌వేర్ ఎర్రర్, టైప్ దగ్గర క్యాష్ హైరార్కీ ఎర్రర్, కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ (తప్పు ఏ థ్రెడ్‌లో పడిందో చెప్పే నంబర్) దగ్గర ఎక్కువసార్లు 4, కొన్నిసార్లు 5, అక్కడక్కడ 6. రెండోది ఈవెంట్ 19, ఇది కరెక్టెడ్ ఎర్రర్ అంటే హార్డ్‌వేర్ తనే సరిదిద్దుకున్న తప్పు, టైప్ బస్ ఇంటర్‌కనెక్ట్ ఎర్రర్, ఇవి పేజీలకి పేజీలు ఉన్నాయి, మెషీన్ బాగా నడుస్తున్నప్పుడు కూడా పడుతూనే ఉన్నాయి.

ఈ రెండూ చూడగానే నాకు అర్థమైంది ఇక్కడ జబ్బు ఒకటి కాదు, రెండు అని. ఈవెంట్ 18 కోర్ల వైపు చూపిస్తోంది, ఈవెంట్ 19 ఫ్యాబ్రిక్ వైపు చూపిస్తోంది. అందుకే అతను మధ్యలో ఒకసారి ర్యామ్ తగ్గించి చూసినా రీస్టార్ట్ ఆగలేదు, ఇంకోసారి కర్వ్ కోత కొంచెం తగ్గించి చూసినా పెద్ద జిప్ ఫైల్ ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ డేటాలో తేడా వచ్చిందనే మెసేజ్) ఆగలేదు. ఒకటి సరిచేస్తే రెండోది ఇంకా ఉంది కాబట్టి ఆ మార్పు పనిచేయలేదనుకుని వెనక్కి తిప్పేశాడు.

ఏపీఐసీ ఐడీ చదవడం గురించి ఒక మాట. 5600ఎక్స్‌లో ఆరు కోర్లు, కోర్‌కి రెండు థ్రెడ్లు, కాబట్టి ఐడీ 0, 1 రెండూ కోర్ 0కి, 2, 3 కోర్ 1కి, 4, 5 కోర్ 2కి వెళ్తాయి. అంటే మన అసలు ముద్దాయి కోర్ 2, దాని పక్కన కోర్ 3. రెండు చిప్లెట్లు (కోర్లు ఉండే చిన్న చిప్ ముక్కలు) ఉండే పెద్ద రైజెన్‌లలో ఈ లెక్క నేరుగా పనిచేయదు, మధ్యలో నంబర్లు ఎగిరిపోతాయి. ఇంకోటి, బయోస్ కోర్లని 0 నుంచి లెక్కపెడుతుంది, రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్ 1 నుంచి లెక్కపెడుతుంది. ఈ తేడా గమనించకపోతే చెడ్డ కోర్‌ని వదిలేసి పక్క కోర్‌ని సరిచేస్తూ కూర్చుంటారు. అలాగే క్యాష్ హైరార్కీ అన్నారని క్యాష్ మెమరీ పాడైందని భయపడక్కర్లేదు, వోల్టేజ్ చాలని కోర్ చాలాసార్లు ఇదే పేరుతో చస్తుంది.

లోడ్‌లో పాస్, ఖాళీలో ఫెయిల్ ఎందుకు

ఇది ఈ కేసుకి గుండెకాయ లాంటి విషయం, కొంచెం నిదానంగా చదవండి. ఆరు కోర్లూ ఒకేసారి ప్రైమ్95 నడుపుతుంటే చిప్‌కి పవర్ లిమిట్ అడ్డొస్తుంది, వేడి అడ్డొస్తుంది, కాబట్టి తనే ఫ్రీక్వెన్సీ తగ్గించుకుని నడుస్తుంది. ఆ తగ్గిన ఫ్రీక్వెన్సీలో వోల్టేజ్ కొంచెం కోసినా తట్టుకుంటుంది. అదే బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిచారనుకోండి, పని ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది, పవర్ బోలెడు మిగిలి ఉంది, చిప్ చల్లగా ఉంది, ఆ ఒక్క కోర్ తన గరిష్ట స్పీడ్‌కి దూకుతుంది. 5600ఎక్స్‌కి అధికారికంగా బూస్ట్ 4.6 గిగాహెర్ట్జ్, ఇతను పెట్టిన ప్లస్ 200 వల్ల హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (స్పీడ్, వేడి చూపించే సాఫ్ట్‌వేర్) 4.85 దాకా కనిపించింది. అంత పైన ఆ కోర్‌కి కావాల్సిన వోల్టేజ్ చాలా ఎక్కువ, మనం ఏమో అక్కడే కోత పెట్టాం. క్షణంలో వెయ్యో వంతు సరిపోకపోయినా చాలు, తప్పు లెక్క వస్తుంది, మెషీన్ చెక్ (సీపీయూ తనే పట్టుకునే హార్డ్‌వేర్ తప్పు) పడుతుంది, బ్లూ స్క్రీన్ గీసే టైమ్ కూడా లేకుండా రీసెట్ అయిపోతుంది. మూట మోసే పరీక్ష వేరు, పరుగు పరీక్ష వేరు, ఇతను మొదటిదే రాత్రంతా పెట్టాడు.

కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకె దాదాపు 3 నుంచి 5 మిల్లీవోల్ట్‌లు. మైనస్ 30 అంటే 90 నుంచి 150 మిల్లీవోల్ట్‌ల దాకా కోత, ఇది చిన్న విషయం కాదు. పైగా అన్ని కోర్లకీ ఒకే కోత పెట్టకూడదు, ఫ్యాక్టరీలోనే ప్రతి కోర్‌కీ దాని నాణ్యతని బట్టి కర్వ్ ఇచ్చి పంపిస్తారు. మంచి కోర్లకి ముందే వోల్టేజ్ తక్కువ ఇచ్చి ఉంటారు, అంటే ఇంకా కోయడానికి అక్కడ మిగిలింది తక్కువ. కొత్తవాళ్లు తిరగేసి అనుకుంటారు, మంచి కోర్ కదా ఎక్కువ తట్టుకుంటుంది అని. పైగా విండోస్ సింగిల్ థ్రెడ్ పనులన్నీ ఆ మంచి కోర్లకే ఇస్తుంది కాబట్టి దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్ పేరు పక్కన ర్యాంక్ కనిపిస్తుంది, చూస్తే కోర్ 2 మొదటి ర్యాంక్, కోర్ 3 రెండో ర్యాంక్. లాగ్‌లో పడ్డ పేర్లు కూడా ఇవే.

జీరో నుంచి

ఫైల్స్ బ్యాకప్ చేయించాను ముందు, అదీ బయోస్‌లో ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్ లోడ్ చేశాకే. ర్యామ్ నమ్మకంగా లేని మెషీన్‌లో కాపీ చేసిన ఫైల్ కూడా నమ్మకంగా ఉండదు, బ్యాకప్ కాపీలోనే తప్పు దూరితే ఇక వెనక్కి రాదు. విండోస్ రిపేర్ కమాండ్లు, ఎస్‌ఎఫ్‌సీ, డిస్మ్, ఇవి కూడా స్టాక్‌లోనే, అంటే డీఫాల్ట్ సెట్టింగ్స్‌లోనే నడపాలి. అస్థిరంగా ఉన్నప్పుడు రిపేర్ చేస్తే రిపేరే పాడు చేస్తుంది. అతను ఫార్మాట్ కొట్టింది కూడా ఓవర్‌క్లాక్ అలాగే ఉంచి, అంటే కొత్త విండోస్ కూడా అదే ర్యామ్ మీదుగా డిస్క్‌లోకి వెళ్లింది. బయోస్ కొత్త వెర్షన్ ఉంటే ఈ స్టేజ్‌లోనే వేసేయాలి, తర్వాత వేస్తే చేసిన ట్యూనింగ్ అంతా పోతుంది.

డీఫాల్ట్‌లో ర్యామ్ స్లోగా నడుస్తుంది, పర్లేదు. అలాగే కొన్నాళ్లు మామూలుగా వాడమన్నాను, గేమ్స్ ఆడమన్నాను, రాత్రి బ్రౌజర్ తెరిచి వదిలేయమన్నాను, స్లీప్‌లోకి పంపి లేపమన్నాను. ఒక్క రీస్టార్ట్ లేదు, లాగ్‌లో 18 లేదు, 19 లేదు. అతనికి ఓపిక తక్కువ, "అన్నా స్టాక్‌లో బానే ఉంటుంది కదా, దీనికి ఇన్ని రోజులు ఎందుకు" అన్నాడు. ఈ స్టెప్ మాత్రం ఎవరూ ఎగ్గొట్టొద్దు, ఎందుకంటే పవర్ సప్లై, విండోస్, గ్రాఫిక్స్ డ్రైవర్, బోర్డు, ఇన్నిటి మీద అనుమానం తీరేది ఇక్కడే, ఏమీ కొనకుండా.

స్టాక్‌లో కూడా క్రాష్ అయితే దారి వేరు, అప్పుడు ఓవర్‌క్లాక్ గురించి మర్చిపోయి పార్టుల మీద పడాలి. ఇంటెల్ 13, 14 జెనరేషన్ డెస్క్‌టాప్ చిప్‌లు వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఎక్కువ వోల్టేజ్ వల్ల వాటిలో కొన్ని అస్థిరం అవుతున్నాయని 2024లో ఇంటెలే ప్రకటించి మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ అప్‌డేట్ ముందు ముందు డ్యామేజ్ కాకుండా ఆపుతుంది కానీ ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. అలాంటి చిప్ మీద ట్యూనింగ్ చేస్తూ కూర్చుంటే టైమ్ వేస్ట్.

స్టాక్ క్లియర్ కాబట్టి ముందు ర్యామ్. ఎక్స్‌ఎంపీ (ర్యామ్ కంపెనీ ఇచ్చిన స్పీడ్ ప్రొఫైల్) ఆన్ చేసి 3600, ఫ్యాబ్రిక్ 1800, సీపీయూ పూర్తిగా డీఫాల్ట్. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ నుంచి పూర్తి పాస్‌లు, తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5. ర్యామ్ టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిల్ కిందే లెక్క, "ఒకటే కదా" అనేది లేదు. రెండూ క్లీన్, ఈవెంట్ 19 సున్నా, జిప్ ఫైల్ నీట్‌గా ఓపెన్ అయింది. ఇక్కడితో ఆగకుండా 3800, 1900 మళ్లీ పెట్టి చూశాను, సీపీయూ డీఫాల్ట్‌లోనే ఉంచి. టెస్ట్‌మెమ్5లో ఎర్రర్లు వచ్చాయి, ఈవెంట్ 19లు మళ్లీ మొదలు. తప్పుని కావాలని మళ్లీ రప్పించగలిగితేనే కారణం దొరికినట్టు, లేకపోతే అది ఊరికే ఆగిందో మన మార్పు వల్ల ఆగిందో తెలీదు. 1900 ఫ్యాబ్రిక్ అన్ని 5000 సిరీస్ చిప్‌లకీ అందదు, అది చిప్ లోపం కాదు, ఆ స్పీడ్‌కి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేదు. 3600, 1800 దగ్గర లాక్ చేసేశాం.

తర్వాత పీబీఓ మాత్రం ఆన్, కర్వ్ సున్నా, ప్లస్ సున్నా. 5600ఎక్స్ స్టాక్ పవర్ లిమిట్ 76 వాట్లు, బోర్డుకి వదిలేస్తే వంద దాటింది, టెంపరేచర్ ఎక్కింది, అయినా స్టేబుల్. ఇక్కడ వేడి గురించి అడుగుతారు చాలామంది. ఈ చిప్ 95 డిగ్రీల దగ్గర తనే స్పీడ్ తగ్గించుకుంటుంది, కాబట్టి వేడెక్కిన సీపీయూ ముందు స్లో అవుతుంది, రీస్టార్ట్ అవడం అంత తొందరగా జరగదు. చల్లగా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయ్యే మెషీన్‌కి కొత్త కూలర్ మందు కాదు.

ఇక మైనస్ 30 అన్ని కోర్లకీ తిరిగి పెట్టాం, ప్లస్ 200 లేకుండా. రీస్టార్ట్ వచ్చింది, ముందుకంటే తక్కువసార్లు, లాగ్‌లో ఐడీ 4. సో రెండు జబ్బులూ దేనికది వేరు అని తేలిపోయింది.

కోర్ కోర్‌కీ

ఇక్కడ వాడిన టూల్ కోర్‌సైక్లర్. ఇది ప్రైమ్95ని ఒక్కో కోర్ మీద విడివిడిగా, సింగిల్ థ్రెడ్‌తో తిప్పుతుంది, ఒక కోర్ మీద కొన్ని నిమిషాలు, తర్వాత ఇంకో కోర్, అలా చుట్టూ తిరుగుతుంది. సెట్టింగ్‌లో తేలికైన ఎస్‌ఎస్‌ఈ మోడ్ ఉంచాలి, బరువైన ఏవీఎక్స్2 కాదు. కొత్తవాళ్లు బరువైన మోడ్ అయితే గట్టి పరీక్ష అనుకుంటారు, ఇక్కడ ఉల్టా, తేలికైన లోడ్‌లోనే కోర్ పైదాకా బూస్ట్ అవుతుంది, మనకి కావాల్సింది ఆ పై స్పీడ్‌లో తప్పు చేస్తుందా లేదా అన్నది. తర్వాత కావాలంటే ఏవీఎక్స్2తో కూడా ఒక రౌండ్ వేయండి.

రన్ పెట్టగానే కోర్ 2 కొద్దిసేపట్లోనే రౌండింగ్ ఎర్రర్‌తో ఫెయిల్. పద్ధతి ఏంటంటే, ఫెయిలైన కోర్ ఒక్కదానికే మూడు అంకెలు వెనక్కి రావాలి, మైనస్ 30 అయితే 27, మళ్లీ రన్. మిగతా కోర్లని కదపకూడదు. టెస్ట్ మధ్యలో మొత్తం రీస్టార్ట్ అయినా పర్లేదు, కోర్‌సైక్లర్ లాగ్ ఫైల్ తెరిస్తే చివరగా ఏ కోర్ నడుస్తోందో ఉంటుంది, దాన్ని వియా ఎంట్రీలో ఐడీతో పోల్చుకుంటే సరిపోతుంది. ఇది విసుగు పని, నిజమే, పగలు వాడుకుని రాత్రిళ్లు పెట్టుకోవాలి, తొందరపడి ఒకేసారి మూడు కోర్లు మారిస్తే ఏది కుదిరిందో ఏది అనవసరంగా తగ్గించామో తెలీకుండా పోతుంది. పాసైన అంకె దొరికాక దానికి ఇంకో రెండు మూడు అంకెల మార్జిన్ వదిలాను, ఈరోజు అంచు మీద పాసైనది రేపు గది వేడెక్కితే పాసవ్వాలని లేదు.

చివరికి కోర్ 0 మైనస్ 18, కోర్ 1 మైనస్ 25, కోర్ 2 మైనస్ 6, కోర్ 3 మైనస్ 12, కోర్ 4 మైనస్ 27, కోర్ 5 మైనస్ 25 దగ్గర నిలబడ్డాయి. బూస్ట్ ప్లస్ 200 తీసేసి ప్లస్ 50 ఉంచాం. మంచి కోర్లు రెండూ తక్కువ కోతతో, వెనకబడిన కోర్లు ఎక్కువ కోతతో, ముందు చెప్పిన లెక్క అంకెల్లోనే కనిపిస్తుంది. ఈ అంకెలు మీ 5600ఎక్స్‌కి కాపీ కొట్టొద్దు, మీ చిప్‌లో మంచి కోర్ ఏదో వేరే అయి ఉంటుంది.

ఈ మధ్యలో అతనికి వేరేవాళ్లు ఇచ్చిన సలహాలు కొన్ని ఉన్నాయి. సీ-స్టేట్స్ (ఖాళీగా ఉన్నప్పుడు కోర్లని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆఫ్ చెయ్, పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ టిపికల్ కరెంట్ పెట్టు అని. వాటితో ఖాళీగా ఉన్నప్పటి రీస్టార్ట్‌లు తగ్గొచ్చు కూడా, కానీ వోల్టేజ్ చాలని కోర్ అలాగే ఉంటుంది, తప్పు ఇంకో చోట, ఏ వీడియో రెండర్ మధ్యలోనో బయటపడుతుంది. ఇంకొకరు 1.35 ఫిక్స్‌డ్ వోల్టేజ్ పెట్టెయ్ అన్నారంట. బూస్ట్ మీద ఆధారపడే ఈ చిప్‌లకి అది పనికిరాదు, సింగిల్ కోర్ స్పీడ్ పోతుంది, వేడి పెరుగుతుంది. వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అదే ఫ్రీక్వెన్సీలో 1.25 నుంచి 1.35కి వెళ్తే దాదాపు 17 శాతం ఎక్కువ.

మీది పాత పద్ధతి ఓవర్‌క్లాక్, అంటే అన్ని కోర్లకీ మల్టిప్లయర్ (స్పీడ్‌ని నిర్ణయించే అంకె) ఫిక్స్ చేసి వోల్టేజ్ ఇచ్చే రకం అయితే కథ తిరగబడుతుంది. అక్కడ క్రాష్ ఎక్కువగా ఫుల్ లోడ్‌లోనే వస్తుంది, ఎందుకంటే లోడ్ పడగానే వోల్టేజ్ కిందికి జారుతుంది, స్పీడ్ మాత్రం తగ్గదు. అక్కడ మల్టిప్లయర్ ఒకటి తగ్గించి చూడటం మొదటి పని, వోల్టేజ్ పెంచడం ఆ తర్వాత, అదీ 10, 20 మిల్లీవోల్ట్‌ల చొప్పున, టెంపరేచర్ చూసుకుంటూ.

చివరి చెకింగ్‌లో అన్ని రకాలూ కలిపాం. కోర్‌సైక్లర్ రాత్రంతా, వై-క్రంచర్ ఆల్‌కోర్, సినీబెంచ్, స్లీప్ నుంచి లేవడం, వీడియో పాజ్ చేసి వదిలేయడం, చిన్న చిన్న యాప్‌లు తెరిచి మూయడం. ఈ చివరి మూడింటిని ఎవరూ టెస్ట్ అనుకోరు, ఇతని మెషీన్ చచ్చింది మాత్రం వాటిలోనే. వియా లాగ్ ఖాళీగా ఉంది. స్కోరు 11,700 చుట్టుపక్కల వస్తోంది, ముందు కనిపించిన దాదాపు పన్నెండు వేలలో పోయింది కొంచెమే, గేమ్స్‌లో తేడా అతనికి కనిపించలేదు.

బయోస్ ప్రొఫైల్ సేవ్ చేయించి, ప్రతి స్క్రీన్‌కీ ఫోన్‌తో ఫోటో తీయించాను. బయోస్ అప్‌డేట్ చేస్తే సెట్టింగ్‌లు డీఫాల్ట్‌కి పోతాయి, పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో లోడ్ అవుతుందని నమ్మకం లేదు, అప్పుడు ఫోటోలే దిక్కు. కొత్త బయోస్ వేశాక, బాగా ఎండలు ముదిరాక, కోర్‌సైక్లర్ ఒక రాత్రి మళ్లీ నడపమన్నాను. "మరి ర్యామ్ 3800 మళ్లీ ట్రై చేయొచ్చా అన్నా" అన్నాడు. చెయ్, కానీ ముందు 3733, ఫ్యాబ్రిక్ 1866 పెట్టు, కర్వ్ అంకెలు కదపకు, టెస్ట్‌మెమ్5 నడిపి లాగ్ చూడు, ఈవెంట్ 19 ఒక్కటి పడినా తిరిగి 3600కి వచ్చెయ్ అని చెప్పాను.